ఇంటి లేత్ మీద పదిహేను ఇత్తడి గుబ్బలు: పని డైరీ

మా తాతయ్య ఆయుర్వేద వైద్యం చేసేవారు. ఆయన మందుల అలమారలో అడ్డంగా నాలుగు, నిలువుగా ఆరు, మొత్తం 24 చిన్న సొరుగులు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, అతిమధురం, వస అని ఆయన సిరాతో రాసిన పేర్లు ఇప్పటికీ చదవొచ్చు. ఇత్తడి గుబ్బలు మాత్రం తొమ్మిదే మిగిలాయి. మిగతా వాటికి ఎవరో కొన్నిటికి మేకులు కొట్టారు, కొన్నిటికి దారాలు కట్టారు. బజారు గుబ్బలు తెచ్చి పెడితే పాతవాటి పక్కన పరాయివిగా కనిపిస్తాయి. కాబట్టి పదిహేను గుబ్బలు, వాటి కింద వేసే పదిహేను బిళ్ళలు నేనే తయారు చేయాలి.

మిషన్: 180 మి.మీ. స్వింగ్ (తిప్పగల అతి పెద్ద వ్యాసం), 350 మి.మీ. పొడవున్న మినీ లేత్, అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే చిన్న యంత్రం. వెనక వసారాలో యాంగిల్ స్టాండు, దాని మీద కడప బండ, బండ మీద లేత్. స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) బోరు 20 మి.మీ. ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో కొలతలతో సహా రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు కనీసం ఆ ముక్కలైనా మిగలాలి.

దశ 1: పాత గుబ్బల కొలతలు

తొమ్మిదింటినీ వెర్నియర్‌తో కొలిచాను. తల వ్యాసం ఒక దానికి 15.4, ఇంకోదానికి 16.3. ఏ రెండూ ఒకటి కాదు. చేత్తో చేసిన పని అని అక్కడే తెలిసిపోయింది. ఇది నాకు మేలే చేసింది. 0.2 మి.మీ. అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదని మొదట్లోనే తేలింది.

ఖాయం చేసుకున్న కొలతలు ఇవి:

- అడుగు: వ్యాసం 10, మందం 3 మి.మీ.
- మెడ: వ్యాసం 7, పొడవు 5 మి.మీ.
- తల: వ్యాసం 16 ఉన్న గోళం, మెడలో కలిసేదాకా పొడవు 15.2 మి.మీ.
- మొత్తం పొడవు: 23.2 మి.మీ.

ఇక మర సంగతి. పాత గుబ్బలో ఎం4 (4 మి.మీ. మెట్రిక్) స్క్రూ పెడితే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయింది. బలవంతం చేయకుండా వెనక్కి తీసి, పాత స్క్రూ పళ్ళను స్కేలు మీద పెట్టి లెక్కపెట్టాను. అంగుళానికి 32. బయటి వ్యాసం 3.9 చిల్లర. అంటే ఎం4 కాదు, 5/32 అంగుళం విట్‌వర్త్, అంటే పాత బ్రిటిష్ కొలత మర. ఎం4 పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం) 0.7 మి.మీ., దీని పిచ్ 0.79. పళ్ళ కోణం కూడా వేరు, ఎం4కి 60 డిగ్రీలు, విట్‌వర్త్‌కి 55. మొదటి రెండు చుట్లు కలిసినట్టే అనిపించడం వల్ల చాలామంది ఇక్కడే స్పానర్‌తో తిప్పేసి పాత మరను పాడు చేస్తారు. పాత మర బిగుసుకుంటే ముందు పళ్ళు లెక్కపెట్టండి.

పాతవాటికి పాత స్క్రూలే ఉంచి, కొత్తవి ఎం4లో చేయాలని నిర్ణయించాను. రేపు ఒక స్క్రూ పోయినా వీధి చివరి షాపులో దొరుకుతుంది.

ఇప్పటిదాకా: 2 గంటలు, ఖర్చు 0, గుబ్బలు 0.

దశ 2: సరుకు

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఇత్తడి కడ్డీ కిలో 750 రూపాయలకు కోసి ఇచ్చారు. అడగాల్సింది ఫ్రీ కటింగ్ ఇత్తడి, అంటే ఐఎస్ 319 రకం. అందులో సుమారు 2 నుంచి 3.5 శాతం దాకా సీసం కలుపుతారు. ఆ సీసం వల్లే పొట్టు పొడుగ్గా చుట్టుకోకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతుంది. గిన్నెలు చేసే ఇత్తడి వేరు, దాన్ని లేత్ మీద పెడితే జిగటగా సాగుతుంది.

సీసం ఉందంటే రెండు నియమాలు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. రజను ఇంట్లోకి కాళ్ళతో రాకూడదు. మా ఇంట్లో పాకే పిల్ల ఉంది కాబట్టి వసారా చెప్పులు వసారాలోనే వదిలేస్తాను.

16 మి.మీ. కడ్డీ 300 మి.మీ. ముక్క కొన్నాను. ఇది తప్పని తర్వాతి దశలో తెలిసింది.

ఇప్పటిదాకా: 5 గంటలు. కడ్డీ 385, ఎం4 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) సెట్ 280, 3.3 మి.మీ. డ్రిల్ బిట్లు మూడు 120. మొత్తం 785 రూపాయలు.

దశ 3: మొదటి రెండు ముక్కలు, రెండూ పోయాయి

మొదటిది: 16 మి.మీ. తల కావాలని 16 మి.మీ. కడ్డీ తీసుకున్నాను. మూడు దవడల చక్‌లో (కడ్డీని పట్టి తిప్పే భాగం) బిగించి డయల్ గేజ్ (ఊపు కొలిచే పరికరం) పెడితే 0.12 మి.మీ. ఊగుతోంది. కడ్డీ పైన గీతలు కూడా ఉన్నాయి. పై పొర తీసి శుభ్రం చేసేసరికి 15.6 దగ్గర కూడా ఒక పక్క టూల్ తగలనే లేదు. కావలసిన వ్యాసం కన్నా కనీసం 2 మి.మీ. ఎక్కువ ఉన్న కడ్డీ కొనాలి. 18 మి.మీ. కడ్డీ 600 మి.మీ. ముక్క మళ్ళీ కొన్నాను. అదొక 972 రూపాయలు.

రెండోది: 16 కడ్డీ చేతిలో ఉంది కదా, డ్రిల్లింగ్ అభ్యాసం చేద్దామని పెట్టాను. స్పిండిల్ 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), టెయిల్ స్టాక్‌లో (చక్‌కు ఎదురుగా బిట్‌ను పట్టి ఉంచే భాగం) కొత్త 3.3 బిట్. నాలుగు మి.మీ. దాకా వెన్నలా దిగింది. ఆ తర్వాత చేతిలో ఉన్న చక్రం దానంతట అదే తేలికైపోయింది. నేను తోయడం లేదు, బిట్టే లోపలికి పోతోంది. ఒక్క క్షణంలో డ్రిల్ చక్ టెయిల్ స్టాక్ టేపర్‌లోంచి (ఏటవాలు రంధ్రం) ఊడి, జాబ్‌తో (కోస్తున్న ముక్క) పాటు గిర్రున తిరిగింది. స్విచ్ ఆపేలోపు బిట్ విరిగింది, విరిగిన మొన రంధ్రంలోనే ఉండిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాను. పెట్టుకోకుండా ఈ పని చేయకండి.

హైదరాబాద్ బాలానగర్‌లో ముప్పై ఏళ్ళు టర్నర్‌గా (లేత్ పనివాడిగా) చేసి రిటైరైన పెద్దాయన మా వీధిలో ఉంటారు. విరిగిన బిట్ తీసుకెళ్ళి చూపించాను.

"కాకా, స్పీడ్ ఎక్కువైందా?"

"స్పీడ్ కాదు బిడ్డా. గా బిట్టు ఇనుముకు సానబట్టింది. ఇత్తడిల పెడితే గుంజుకుంటది. మొన జర మొద్దుగ జెయ్."

ఆయన మాటకు అర్థం ఇది. మామూలు బిట్ కోత అంచు ముందుకు వంగి ఉంటుంది. ఉక్కుకు అది అవసరం. ఇత్తడి తేలిగ్గా తెగుతుంది కాబట్టి ఆ వంపు మర స్క్రూ లాగా పనిచేసి బిట్‌ను లోపలికి లాగేస్తుంది. అంచును చదును చేస్తే లాగడానికి ఏమీ ఉండదు.

చేసిన విధం:

1. బిట్‌ను నిలువుగా పట్టుకుని, చిన్న నూనె సానరాయిని బిట్ పొడవుకు సమాంతరంగా కోత అంచు ముందు ముఖానికి ఆనించాలి.
2. నాలుగైదు సార్లు మెల్లగా రుద్దాలి. అంచు వెంట 0.2 నుంచి 0.3 మి.మీ. వెడల్పున సన్నని మెరుపు గీత కనిపిస్తుంది. అంత చాలు.
3. రెండో అంచుకు కూడా సరిగ్గా అంతే. ఒక పక్క ఎక్కువైతే రంధ్రం పెద్దదవుతుంది.
4. ఆ బిట్‌కు రంగు పూసి విడిగా పెట్టాలి. మళ్ళీ ఇనుముకు వాడకూడదు.

తేడా కంటికి కనిపించింది. ముందు పొట్టు మెలికలు తిరిగి వచ్చేది, ఇప్పుడు సూది ముక్కల్లా పొడిపొడిగా రాలింది. చక్రం మీద చేతికి చివరిదాకా ఒకే బరువు తెలిసింది. ఉన్న చిన్న రంధ్రాన్ని పెద్ద బిట్‌తో పెంచేటప్పుడు ఈ గుంజుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే మధ్యలో అడ్డుకునే లోహం ఉండదు. అక్కడ చదును చేయని బిట్ అసలు పెట్టొద్దు.

ఇదే సూత్రం టూల్‌కూ వర్తిస్తుంది. 8 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ పై ముఖాన్ని పూర్తిగా చదునుగా ఉంచి, ముందూ పక్కా 8 డిగ్రీల ఖాళీ ఇచ్చి, మొనను కొద్దిగా గుండ్రం చేశాను. ఉక్కు కోసం సానబట్టిన పాత టూల్‌తో 0.5 మి.మీ. కోత వేస్తే క్రాస్ స్లైడ్ (టూల్‌ను ముక్క వైపు జరిపే భాగం) లోపలికి జారేది, దీనితో జారలేదు.

ఇప్పటిదాకా: 9 గంటలు, 1,757 రూపాయలు. మంచివి 0, పోయినవి 2.

దశ 4: తల గుండ్రం చేయడం

ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

మొదట ఫామ్ టూల్ (కావలసిన ఆకారమే అంచుగా ఉన్న టూల్) చేశాను. 8 మి.మీ. వ్యాసార్ధం ఉన్న అర్ధచంద్రాకారాన్ని హెచ్‌ఎస్‌ఎస్‌లో గ్రైండర్ మీద తీయడానికే రెండు గంటలు పట్టింది. 1,200 ఆర్‌పీఎం దగ్గర ఆనిస్తే చెవులు చిల్లులు పడే శబ్దం వచ్చింది, తల మీద నిలువు గీతలు పడ్డాయి. స్పీడ్ 250కి తగ్గించాను. గీతలు తగ్గాయి కానీ కోత లోతుకు వెళ్ళేకొద్దీ టూల్ అంచు దాదాపు 12 మి.మీ. మేర ఒకేసారి ఆనుతోంది. ఇంత చిన్న మిషన్‌కు అంత బిగువు ఎక్కడినుంచి వస్తుంది? చివరికి ముక్క మెడ దగ్గర తునిగి చక్ కింద పడింది. మూడో ముక్క కూడా పోయింది.

ఫామ్ టూల్ తప్పు కాదు, పెద్ద లేత్ మీద అదే సరైన దారి. మినీ లేత్ మీద 3, 4 మి.మీ. కన్నా వెడల్పు అంచు ఆనించకూడదని నాకు అర్థమైంది.

తర్వాత మెట్ల పద్ధతికి మారాను. గోళం ముందు కొన నుంచి ఎంత దూరంలో వ్యాసం ఎంత ఉండాలో లెక్క వేసుకుని మెట్లు మెట్లుగా కోసి, ఆ మెట్లను ఆకురాయితో కలపడం. లెక్క బళ్ళో చదివిన పైథాగరస్ సూత్రమే. 8 మి.మీ. వ్యాసార్ధానికి పట్టిక:

- కొన నుంచి 0.5 మి.మీ.: వ్యాసం 5.57
- 1 మి.మీ.: 7.75
- 2 మి.మీ.: 10.58
- 3 మి.మీ.: 12.49
- 4 మి.మీ.: 13.86
- 5 మి.మీ.: 14.83
- 6 మి.మీ.: 15.49
- 8 మి.మీ.: 16.00

వెనక సగానికి ఇదే పట్టిక తిరగేసి వాడాలి. ప్రతి మెట్టును 0.1 మి.మీ. ఎక్కువ ఉంచి కోయాలి, ఆ 0.1 ఆకురాయి తింటుంది.

మెట్లు కోశాక వరస ఇది:

1. స్పీడ్ 400. చిన్న పళ్ళ కొత్త ఆకురాయి. ఇనుము మీద వాడిన ఆకురాయి ఇత్తడి మీద జారుతుంది, అందుకే ఇత్తడికి విడిగా ఒకటి కొన్నాను.
2. పిడిని ఎడమ చేత్తో పట్టుకోవాలి. కుడి చేత్తో పడితే ఎడమ మోచేయి తిరిగే చక్ మీదుగా వస్తుంది. చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. చేతికి తొడుగు, ఉంగరం, గాజు, మెడలో వేలాడే చున్నీ ఏదీ వద్దు.
3. గుండ్రం చూడటానికి చిన్న గేజ్. పలుచటి రేకులో 16 మి.మీ. రంధ్రం చేసి, సగానికి కత్తిరించాను. తల మీద ఆనించి వెనక నుంచి టార్చ్ వేస్తే వెలుతురు ఎక్కడ దూరుతోందో తెలుస్తుంది.
4. ఎమరీ 240, 400, 800. వేలికి చుట్టకూడదు. పట్టీగా రెండు చివర్లా పట్టుకోవాలి.

అభ్యాసానికి పోయిన ముక్క మీదే నాలుగు సార్లు చేసి చూశాను. నాలుగోసారి గేజ్ కింద వెలుతురు సన్నని వెంట్రుకంత కూడా లేదు. ఆ రాత్రి ఆ ముక్కను జేబులోనే పెట్టుకుని తిరిగాను.

ఇప్పటిదాకా: 14 గంటలు. ఆకురాయి 260, ఎమరీ 90. మొత్తం 2,107 రూపాయలు. మంచివి 0, పోయినవి 3.

దశ 5: ఏ చివర ముందు?

నా మొదటి ఆలోచన: తల బయటికి పెట్టి, తల, మెడ, అడుగు వరసగా చేసి, అడుగు దగ్గర పార్టింగ్ చేసి (కడ్డీ నుంచి కోసి వేరు చేసి), తిప్పి తలను చక్‌లో పట్టి రంధ్రం చేయడం. నాలుగో ముక్క ఇలా చేశాను. రెండు నష్టాలు జరిగాయి. పార్టింగ్ చోటు చక్ నుంచి 40 మి.మీ. దూరంలో ఉండటంతో బ్లేడ్ ఊగి ఇరుక్కుంది, అడుగు అంచు చీరుకుపోయింది. తర్వాత తలను దవడల్లో పడితే రాగి రేకు అడ్డం పెట్టినా మూడు గాట్లు పడ్డాయి. అంత కష్టపడి నునుపు చేసిన తల మీద ఆ గాట్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది.

అందుకని వరస తిరగేశాను. అడుగు బయటికి. ముందు రంధ్రం, మర, అడుగు, మెడ, గోళం వెనక సగం. తర్వాత చక్‌కు దగ్గరగా పార్టింగ్. చివరికి ఆ ముక్కను ఎం4 మర ఉన్న ఉక్కు ములికికి ఎక్కించి గోళం ముందు సగం. ఇలా చేస్తే తలను ఏ దవడా తాకదు.

ఆ ములికి 12 మి.మీ. ఉక్కు కడ్డీతో చేశాను. ముందు 6 మి.మీ. పొడవున ఎం4 మర, దాని వెనక చదునైన భుజం. గుబ్బ అడుగు ఆ భుజానికి గట్టిగా ఆనుతుంది. కోత ఒత్తిడికి మర ఇంకా బిగుస్తుందే తప్ప వదలదు. తీసేటప్పుడు తోలు ముక్కతో పట్టుకుని తిప్పాలి. ములికిని ఒకసారి చక్‌లో బిగించాక ఆ విడత గుబ్బలన్నీ అయ్యేదాకా కదపలేదు, అందుకే ఊపు 0.04 దాటలేదు.

పార్టింగ్‌కు సన్నగా 2 మి.మీ. బ్లేడ్ కొన్నాను. ఎత్తు సరిగ్గా మధ్యలో ఉండాలి. స్టీల్ స్కేలును జాబ్‌కీ టూల్ మొనకీ మధ్య మెల్లగా నొక్కితే అది నిలువుగా నిలబడాలి. పైభాగం మన వైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. క్యారేజ్ (టూల్‌ను మోస్తూ పొడవునా జరిగే భాగం) లాక్, స్పీడ్ 500, ఆపకుండా ఒకే వేగంతో తోయడం. భయంతో ఆగి ఆగి తోస్తేనే బ్లేడ్ అరుస్తుంది.

ఇప్పటిదాకా: 16 గంటలు. బ్లేడ్ 350. మొత్తం 2,457 రూపాయలు. మంచివి 0, పోయినవి 4.

దశ 6: విరిగిన ట్యాప్, పటిక

ఐదో ముక్క. రంధ్రం 10 మి.మీ. లోతు, మర 8 మి.మీ. కావాలి. సెట్‌లోని మూడు ట్యాపుల్లో మొదటిది వదిలేసి తొందరలో రెండోది పెట్టాను. ఏడో మి.మీ. దగ్గర చేతికి మెత్తగా ఏదో తగిలినట్టయింది, చిన్నగా టక్ మంది. అడుగున పొట్టు గడ్డకట్టి ట్యాప్ విరిగింది. పైకి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇక్కడ ఒక పాత పద్ధతి పనికొచ్చింది. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఇత్తడిలో విరిగిన ఉక్కు మరలను పటిక నీళ్ళలో కరిగించి తీస్తారు. వేడి పటిక ద్రావణం ఉక్కును తింటుంది, ఇత్తడిని దాదాపు ముట్టదు.

1. గాజు సీసాలో వేడి నీళ్ళు, కరిగినంత పటిక.
2. గుబ్బను రంధ్రం పైకి ఉండేలా ముంచాలి. ఇనుప గిన్నె వాడకూడదు, గిన్నే కరుగుతుంది.
3. సీసాను వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి, చల్లారినప్పుడల్లా మళ్ళీ వేడి చేయాలి. ట్యాప్ మీద సన్నగా బుడగలు వస్తుంటే పని జరుగుతున్నట్టు.
4. నల్లటి మడ్డి పేరుకుంటుంది. రోజుకు రెండుసార్లు సూదితో కదిపి నీళ్ళు మార్చాలి.

రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఉదయం సూదితో కదిపితే ట్యాప్ మిగిలిన ముక్క తుప్పు పెంకులా ఊడి వచ్చింది. గుబ్బ పైన లేత ఎర్ర రంగు పట్టింది, 400 ఎమరీతో పోయింది. మర పళ్ళకు ఏమీ కాలేదు. నా ట్యాప్ మామూలు కార్బన్ స్టీల్‌ది కాబట్టి ఇంత త్వరగా కరిగింది. హెచ్‌ఎస్‌ఎస్ అయితే ఇంకా ఎక్కువ కాలం ఓపిక పట్టాలి. స్టెయిన్‌లెస్ స్క్రూ అయితే ఈ దారి పనిచేయదు.

మార్పులు: రంధ్రం లోతు 12 మి.మీ. చేశాను, పొట్టుకు చోటు ఉండాలని. ట్యాపులు మూడూ వరసగా. ప్రతి సగం చుట్టుకూ పావు చుట్టు వెనక్కి. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. మోటార్ ఆపి, చక్‌ను చేత్తో తిప్పుతూ. ఆ తర్వాత ఒక్క ట్యాప్ కూడా విరగలేదు.

ఇప్పటిదాకా: 18 గంటలు (పటికలో నానిన సమయం కాకుండా). రెండో ట్యాప్ 110. మొత్తం 2,567 రూపాయలు. మంచివి 1, పోయినవి 4.

దశ 7: పద్నాలుగు ఒకేలా

ఒకటి చేయడం వేరు, పద్నాలుగు చేయడం వేరు. తల వ్యాసంలో 0.3 తేడా కంటికి ఆనదు. పొడవులో, మెడ చోటులో తేడా మాత్రం వరసలో నిలబెడితే వెంటనే తెలుస్తుంది. కాబట్టి పొడవులను డయల్‌కు వదలకుండా బెడ్ మీద ఒక అడ్డు బిగించాను. దానికీ క్యారేజ్‌కీ మధ్య పెట్టే ముక్కలు ఇంట్లో ఉన్నవే: 8 మి.మీ. టూల్ బిట్, 5 మి.మీ. డ్రిల్ బిట్ కాడ.

1. 8 ముక్క అడ్డం పెట్టి ఫేసింగ్ (కొన ముఖాన్ని చదును చేయడం). స్పీడ్ 1,200, అంటే 18 మి.మీ. మీద నిమిషానికి సుమారు 68 మీటర్లు.
2. సెంటర్ డ్రిల్ (మధ్యలో మొదటి గుంట పెట్టే పొట్టి బిట్), తర్వాత చదును చేసిన 3.3 బిట్, 12 మి.మీ. లోతు.
3. ట్యాపులు మూడూ.
4. తల భాగంతో సహా బయటికి ఉన్న కడ్డీ అంతా 16.2కి తేవాలి.
5. 5 కాడ అడ్డం పెట్టి, అడుగు వ్యాసం 10. టూల్ తనంతట తానే ముఖం నుంచి 3 మి.మీ. దగ్గర ఆగుతుంది.
6. ఏ ముక్కా లేకుండా అడ్డుకు ఆనేదాకా, మెడ వ్యాసం 7. టూల్ 8 మి.మీ. దగ్గర ఆగుతుంది.
7. గోళం వెనక మెట్లు.
8. ముఖం నుంచి 24 మి.మీ. దగ్గర పార్టింగ్.
9. పద్నాలుగూ అయ్యాక ములికి మీద ముందు మెట్లు, ఆకురాయి, ఎమరీ.

ఒక్కో గుబ్బకు ఒక్కో పని చేసుకుంటూ పోకుండా, ఒకే పని అన్నింటికీ చేయాలనుకున్నాను. కానీ 1 నుంచి 8 దాకా కడ్డీని కదపకూడదు, అందుకే వాటిని ఒక్కో గుబ్బకు వరసగా చేసి, తొమ్మిదోది మాత్రం గుంపుగా చేశాను. మొదటి గుబ్బకు 55 నిమిషాలు, పదో గుబ్బకు 31 నిమిషాలు.

ఇక్కడ రెండు పొరపాట్లు. ఆరోదానికి మెడ కోసేటప్పుడు 5 కాడ తీయడం మరచి, టూల్ ఆగిన చోటే మెడ అయిందనుకుని 7కి దించేశాను. అడుగే లేకుండా పోయింది. పదకొండోదానికి తల 16.2 నుంచి 15.9కి తేవాలి, అంటే 0.3 తగ్గాలి. డయల్ 0.3 తిప్పాను. నా మిషన్ డయల్ వ్యాసార్ధం చూపిస్తుంది, తిప్పినదానికి రెట్టింపు తగ్గుతుంది. తల 15.6 అయింది. పాతవాటిలో 15.4 కూడా ఉంది కాబట్టి దాన్ని పారేయలేదు. ఆరోదానికి బదులు ఇంకోటి చేశాను.

ఒక్కో గుబ్బకు పట్టే కడ్డీ ముక్క 56 గ్రాములు, చేతికొచ్చిన గుబ్బ 21 గ్రాములు. మిగతాదంతా పొట్టు, ముక్కలు. కుంచెతో ఊడ్చి డబ్బాలో పోశాను, చేత్తో తీస్తే సన్నని సూదులు చర్మంలో దిగుతాయి. పాత ఇత్తడి కొనేవాళ్ళు దీన్ని తీసుకుంటారు, ఇనుప రజను కలవకుండా చూసుకుంటే చాలు.

ఇప్పటిదాకా: 27 గంటలు, 2,567 రూపాయలు. మంచివి 15, పోయినవి 5.

దశ 8: బిళ్ళలు

మిగిలిపోయిన 16 కడ్డీ ఇక్కడ ఉపయోగపడింది. 15 మి.మీ. వ్యాసం, 4.2 రంధ్రం, 1.5 మందం. మొదటి మూడు గిన్నెల్లా వంగి వచ్చాయి, మందం ఒకే బిళ్ళలో 1.3 నుంచి 1.7. కారణం బ్లేడ్ ముందు అంచును ఏటవాలుగా సానబట్టడం. ఆ వాలు బ్లేడ్‌ను పక్కకు తోస్తుంది. అంచును తిన్నగా చేశాక సరిగ్గా వచ్చాయి. వెనక మిగిలే చిన్న మొటిమను అద్దం మీద పరిచిన 320 ఎమరీకి రుద్దితే పోతుంది.

ఇప్పటిదాకా: 30 గంటలు.

దశ 9: రంగు

కొత్త గుబ్బలు పసుపు పచ్చగా మెరుస్తున్నాయి, పాతవి ముదురు బెల్లం రంగు. "పాతవి చింతపండుతో తోమెయ్యరాదూ, అన్నీ ఒకేలా ఉంటాయి" అంది అమ్మ. మనసొప్పలేదు. తాతయ్య వేళ్ళు పడి పడి వచ్చిన రంగు అది.

కొత్తవాటినే ముదురు చేద్దామని పోయిన ముక్కను అమ్మోనియా ఆవిరిలో, మూత పెట్టిన డబ్బాలో ఒక రాత్రి ఉంచాను. రంగు చక్కగా గోధుమ రంగుకు వచ్చింది. అయినా మిగతావాటికి చేయలేదు. అమ్మోనియాకూ ఇత్తడికీ పాత వైరం ఉంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోని సైన్యం తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతట అవే పగిలిపోయేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, లోహంలో మిగిలిపోయిన బిగువు, మూడూ కలిస్తే పగుళ్ళు వస్తాయని 1921లో గానీ తేల్చి చెప్పలేదు. నా కడ్డీ కూడా డైలోంచి లాగి చేసినదే, అందులో బిగువు ఉంటుంది. పైగా లోపల మర. సన్నని మెడ దగ్గర పగులు వస్తే పాతికేళ్ళ తర్వాత ఎవరో నా పనిని తిట్టుకుంటారు. వద్దనుకున్నాను.

లక్కర్ (రంగు మారకుండా వేసే పారదర్శక పూత) కూడా వేయలేదు. 800 ఎమరీ దగ్గరే ఆపి, సబ్బు నీళ్ళతో కడిగి, తుడిచి వదిలేశాను. ఆరు వారాలకు మెరుపు తగ్గి తేనె రంగు మొదలైంది.

ఇప్పటిదాకా: 34 గంటలు.

దశ 10: బిగించడం

సొరుగు ముందు పలక 16 మి.మీ., బిళ్ళ 1.5, లోపలి వాషర్ 0.8. మొత్తం 18.3. ఎం4×25 స్క్రూ పెడితే గుబ్బలోకి 6.7 మి.మీ. మర దిగుతుంది. 4 మి.మీ. స్క్రూకు అది చాలు. స్క్రూలు 75 రూపాయలు.

నాలుగు సొరుగుల్లో మేకులు ఊగి ఊగి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో పెద్దదైంది. వాటిని 8 మి.మీ.కి డ్రిల్ చేసి, టేకు పుల్ల చెక్కి, వడ్రంగి జిగురుతో నింపి, ఒక రోజు ఆరాక 4.2తో కొత్త రంధ్రం చేశాను. డ్రిల్ చేసేటప్పుడు వెనక చెక్క ముక్క ఆనించకపోతే పాత టేకు పెచ్చులూడుతుంది. శొంఠి సొరుగు లోపలి వైపు చిన్న పెచ్చు అలాగే పోయింది.

కాకా వచ్చి ప్రతి సొరుగూ ఒకసారి లాగి చూశారు. కరక్కాయ సొరుగు దగ్గర ఆగి గుబ్బను వేళ్ళ మధ్య తిప్పారు.

"ఇది పాతదా, నువ్వు జేసిందా?"

"నేను చేసిందే కాకా."

"మెడ దగ్గర మూల మరీ సూటిగున్నది. పాతదాంట్ల జర గుండ్రమున్నది జూడు."

చూశాను. నిజమే. పాత తొమ్మిదింటిలో మెడ అడుగును కలిసే చోట అర మి.మీ. వంపు ఉంది. నా కొలతల కాగితంలో అది లేనే లేదు. టూల్ మొనను 0.5 మి.మీ. గుండ్రంగా సానబట్టి ఉంటే దానంతట అదే వచ్చేది. ఇది చూసి చేసేవాళ్ళు దశ 1 కొలతల్లో ఆ వంపును కూడా రాసుకోండి.

మొత్తం: 37 గంటలు, 2,642 రూపాయలు. మంచివి 15, పోయినవి 5. మిగిలిన 18 కడ్డీ 132 మి.మీ. తల 15.6 వచ్చిన గుబ్బను అన్నిటికన్నా కింది వరసలో, కుడి చివర తానికాయ సొరుగుకు పెట్టాను.